అడుగు వరస చేప

తాడేపల్లిగూడెం,
జూన్ 4, 2025.

ప్రియమైన బేబీరాణికి,

హైమావతి రాస్తున్నాను. ఆరేళ్ళ తర్వాత కవరు మీద నా దస్తూరీ చూసి ఎవరో పోయారనుకుని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. పోయినవాళ్ళు ముగ్గురున్న మాట నిజమే గాని, వాళ్ళంతా కలకత్తాలో, అదీ ఒక సినిమాలో.

సంగతి మొదట్నించీ చెబుతాను. నేను రిటైరై రెండేళ్ళయింది. ముప్పైరెండేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పిన నోరు ఊరికే ఉండలేకపోతోంది. మా చెల్లెలి కూతురు మేధ హైదరాబాదులో డబ్బింగు స్టూడియోలో పనిచేస్తోంది. దాని పుణ్యాన నాకో పని వచ్చింది. ఒక బెంగాలీ సినిమాకి తెలుగులో మాటలు రాయాలి. సినిమా పేరు చెప్పకూడదు, అడగకు. కలకత్తాలో ఎవడో వరసగా మనుషుల్ని చంపుతుంటాడు. ఇద్దరు డిటెక్టివులు వాడి కోసం ఊరంతా గాలిస్తుంటారు. ఒకాయన రేపో మాపో రిటైరయ్యే పెద్దాయన, ఎప్పుడూ దగ్గుతుంటాడు. రెండో ఆవిడ చిన్నది, మహా చురుకు. నాకు బెంగాలీ రాదు. వాళ్ళు ఇంగ్లీషులో అర్థం రాసిస్తారు. బొమ్మ చూసుకుంటూ, పెదాల కదలికకి సరిపోయేలా నేను తెలుగు రాయాలి.

మొదటి పది సీన్లూ రాసి పంపాను. అక్కడ ఆ పని చూసే రమ్యశ్రీ గారు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, "మేడమ్, పుస్తకం మాట్లాడుతున్నట్టుందండీ, మనుషులు మాట్లాడుతున్నట్టు లేదండీ," అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇంకొక్క అవకాశం ఇస్తారట. నెలాఖరులోగా అవే సీన్లు మళ్ళీ రాసి పంపాలి. నచ్చితే సినిమా అంతా నాదే, చివర్లో తెర మీద "మాటలు: హైమావతి" అని పడుతుంది. నచ్చకపోతే ఇంతే సంగతులు. బేబీ, నాకు ఆ పేరు పడాలే. పడకపోతే ఇన్నాళ్ళూ నేను చెప్పింది అసలు తెలుగేనా అనే బెంగ పట్టుకుంటుంది.

చిక్కంతా చేపల దగ్గర వచ్చింది. ఈ సినిమా నిండా చేపలే. చచ్చిపోయిన ప్రతివాడి పక్కనా ఒక బజారు సంచి, సంచిలో ఒక చేప. చేపలమ్మే ఆవిణ్ణి పోలీసులు నిలదీస్తారు కూడా. నేనా, పురోహితుల ఇంటి కోడల్ని. చేపని బొమ్మలో తప్ప చూడలేదు. "రోహిత మత్స్యము" అని రాశాను. "చేప తొక్క తీసి" అని కూడా రాశాను. తొక్క దగ్గర రమ్యశ్రీ గారు చాలాసేపు నవ్వింది.

కొల్లేట్లో పుట్టి, కొల్లేట్లోనే చేపల పేకింగు షెడ్డు నడుపుతున్నదానివి. నువ్వే దిక్కు. చేప సీన్లన్నీ విడి కాగితాల మీద రాసి దీంతో పెడుతున్నాను, దిద్ది పంపు. కథ ఎవరికీ ఫోనులోనూ, మెయిల్లోనూ పంపనని నాచేత సంతకం పెట్టించుకున్నారు. ఉత్తరాల సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను.

మీ ఆయన నరసింహరాజు గారిని అడిగానని చెప్పు.

నీ
హైమ


గుడివాకలంక,
జూన్ 11.

ఒసే హైమా,

ఆరేళ్ళకి ఉత్తరం రాసి అందులో చేపకి తొక్క తీయిస్తావా! నువ్వేమైనా అరటిపండు అనుకున్నావటే దాన్ని? పొలుసు తల్లీ, పొలుసు. ఏలూరు బళ్ళో క్లాసు లీడరువని నా కాపీ పుస్తకం నిండా ఎర్ర సున్నాలు చుట్టేదానివి. ఇన్నాళ్ళకి ఎర్ర పెన్ను నా చేతికొచ్చింది. కొనుక్కొచ్చి మరీ దిద్దాను, చూసుకో.

రోహిత మత్స్యం కాదు, శీలావతి అంటారు. మా షెడ్డుకొచ్చి రోహిత మత్స్యం కావాలి అన్నావంటే, ఏ గుళ్ళోకండీ అని అడుగుతాం. "కళ్ళు ఎర్రగా ఉన్నవి కావున తాజా చేప" అని పోలీసాయన చేత అనిపించావు. కళ్ళు ఎర్రబడితే అది పాడైపోయిన చేపే. ఎర్రగా ఉండాల్సింది మొప్పలు. ఆ పోలీసాయన నీ మాట విని చేప కొనుక్కెళితే ఇంట్లో పెళ్ళాం తన్నేది.

ఇక చేపలమ్మే ఆవిడ "మహాశయా, ఈ చేప నేను విక్రయించినది కాదు" అనదే. ఆవిడ పొద్దున్నించీ నీళ్ళల్లో కూర్చుని ఉంది, నడుం లాగేస్తోంది, బేరాలు పోతున్నాయి, పైనుంచి ఈ పోలీసులు. నేనైతే ఇలా అంటాను: "అయ్యా, మొప్ప ఎత్తి చూడండి. నా గంపలో ఇలాంటి చేప ఎప్పుడైనా చూశారేంటండీ? కొన్నవాళ్ళ మొహాలు చూస్తా కూర్చుంటే నా చేపలు ఎవరమ్ముతారండీ? లేవండి, బేరం పోతంది." కావాలంటే వాడుకో.

ఇంకో సంగతి. ఇక్కడ పట్టిన చేపలు ఐసులో పెట్టి హౌరాకే పంపుతాం. మా ఆయన లారీతో రెండుసార్లు వెళ్ళొచ్చారు. అక్కడివాళ్ళు మన చేపని చలానీ చేప, అంటే బయట్నించి వచ్చిన సరుకు, అంటారంట, వాళ్ళ చెరువు చేపకిచ్చే మర్యాద దీనికివ్వరంట. అంటే ఆ సంచుల్లో ఉన్నవి మనవేనేమో. మన చేపలు అంత దూరం పోయి శవాల పక్కన పడుకోవడం నాకేం నచ్చలేదు.

ఈసారి సీను రాసేటప్పుడు చేప ఎలా ఉందో కూడా రాయి. కళ్ళు, మొప్పలు, పొలుసు, కనబడింది కనబడినట్టు రాయి. చేపని చూపించకుండా చేప సీను దిద్దమంటే ఎలా? చంపుతున్నది ఎవడో కూడా రాసెయ్, ఉండబట్టలేకపోతున్నాను.

బేబీరాణి


తాడేపల్లిగూడెం,
జూన్ 19.

బేబీ,

నీ ఎర్ర సున్నాలు చూసి మొదట ఉడుక్కున్నాను, తర్వాత పడీపడీ నవ్వుకున్నాను. చేపలమ్మే ఆవిడ చేత నువ్వు రాసినట్టే అనిపించాను. "బేరం పోతంది" అన్నచోట ఆవిడ పెదాలు అతికినట్టు సరిపోయాయి.

ఇక్కడొక ప్రమాదం జరిగింది. నా కాగితాలు పంచాంగం కింద దాచుకుంటాను. మా ఆయన ఎవరికో గృహప్రవేశం ముహూర్తం చూడబోయి పంచాంగం ఎత్తారు. "ముగ్గుర్నీ ఒకే చేత్తో చంపాడు, నాలుగోవాణ్ణి ఇంకా చూసుకోలేదు" అని నా దస్తూరీలో ఉంది. మనిషి చెమటలు పట్టి వంటింట్లోకి వచ్చారు. "హైమా, ఎవరి మీదైనా కోపంగా ఉందా?" అన్నారు. సినిమా సంగతంతా చెప్పాను. "చేపలా!" అని వెళ్ళి మళ్ళీ స్నానం చేశారు. ఇంక ఈ పని మానెయ్యమంటారనుకున్నాను. మర్నాడు పొద్దున్న సంధ్యావందనం చేసుకుని లేచి, గుమ్మం దగ్గర నిలబడి, ఎటో చూస్తూ, "ఆ నాలుగోవాడు బతుకుతాడా?" అని అడిగారు. మా సోమసుందరం గారి నోట ఈ మాట వింటానని కలలో కూడా అనుకోలేదు.

చంపింది ఎవరో చెప్పను గాక చెప్పను. సీను మాత్రం పంపుతున్నాను. మల్లిక్ బాబు అని ఒక రిటైరైన పెద్దమనిషి, చాలా మంచివాడు పాపం. మూడో హత్య ఆదివారం పొద్దున్న జరిగింది. అదే రోజు మధ్యాహ్నం డిటెక్టివులు ఆయనింటికి వెళతారు. "తెల్లారినప్పట్నించీ చెరువు గట్టున గాలం వేసుక్కూర్చున్నాను, ఇదుగో పట్టిన చేప" అని వంటింట్లో పళ్ళెం చూపిస్తాడు. డిటెక్టివు పెద్దాయన చేపని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఏమీ అనడు. టీ తాగి వెళ్ళిపోతారు.

చేప ఎలా ఉందో రాయమన్నావు కదా. పెద్దదే. పొలుసులు బాగానే ఉన్నాయి. ఒక కన్ను మెరుస్తోంది. తిప్పినప్పుడు చూస్తే రెండో కన్ను తెల్లగా, పాలచుక్క పడినట్టుంది. నాకు తెలిసింది ఇంతే. మాటలు ఎలా ఉన్నాయో చూడు.

హైమ


గుడివాకలంక,
జూన్ 28.

హైమా,

చంపింది మల్లిక్ బాబు.

కాదని అబద్ధమాడకు. నువ్వు "పాపం" అన్నప్పుడే అనుమానమొచ్చింది, ఆ కన్ను చూశాక అనుమానం తీరిపోయింది.

చేపల్ని ట్రేలో ఎలా పెడతామో చెబుతాను. అడుగున ఐసు పోసి, దాని మీద చేపల్ని వరసగా పడుకోబెట్టి, మళ్ళీ ఐసు పోసి, పైన ఇంకో వరస పెడతాం. పై వరసలు కాస్త కదులుతాయి. అడుగు వరస చేప కదలదు. హౌరా చేరేదాకా ఒకే పక్కన పడుకుంటుంది, పైన బరువంతా మోస్తూ. ఐసుని ఆనుకున్న కన్ను తెల్లబడుతుంది, పైకున్న కన్ను మెరుస్తూనే ఉంటుంది. పొద్దున్న గాలానికి పడిన చేపకైతే రెండు కళ్ళూ ఒకలాగే ఉంటాయి. పళ్ళెంలో ఉన్నది చెరువులో పట్టింది కాదే, బజారులో కొన్న ఐసు చేప. మరి ఆ పెద్దమనిషి ఆదివారం పొద్దున్న చెరువు గట్టున లేడుగా? ఎక్కడున్నాడో నువ్వే చెప్పాలి.

ఇదంతా ఒక్క చూపులో కనిపెట్టేశాను. మా ఆయన కూడా ఔరా అన్నారు. నీ డిటెక్టివులకి జీతాలు దండగ.

బేబీరాణి


తాడేపల్లిగూడెం,
జూలై 6.

నా తల్లీ, నా బంగారూ,

నీ ఉత్తరం మొదటి ముక్క చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చంపింది మల్లిక్ బాబే! సినిమాలో ఆ సంగతి ఆఖర్న గాని తెలీదు, అది కూడా ఒక ట్రాము కండక్టరు గుర్తుపడితే. చేపని ఎవరూ పట్టించుకోలేదు. షూటింగువాళ్ళు బజారుకెళ్ళి ఏదో చేప కొనుక్కొచ్చి పళ్ళెంలో పెట్టి ఉంటారు. వాళ్ళకే తెలీకుండా హంతకుణ్ణి పట్టించే సాక్ష్యం పెట్టేశారు.

ఇప్పుడు నేను చేసిన పని విను. డబ్బింగులో ఒక వెసులుబాటు ఉంది. మనిషి మూతి కనబడుతుంటే పెదాలని బట్టి రాయాలి. వీపు కనబడుతుంటే మనిష్టం, అక్కడ ఏ మాటైనా పెట్టుకోవచ్చు. పెద్దాయన చేపని తిప్పి చూసేటప్పుడు ఎనిమిది సెకండ్లు మనకి వీపే కనబడుతుంది. అక్కడ ఆయన చేత మెల్లగా అనిపించాను: "ఒక కన్ను తెల్లబడింది. ఇది అడుగు వరస చేప. గాలానికి పడింది కాదు." అంతే. ఆ తర్వాత ఆయన టీ తాగుతూ మల్లిక్ బాబుని చూసే చూపుకే అర్థం మారిపోయింది.

పది సీన్లూ పాసయ్యాయి. సినిమా అంతా నాకే ఇచ్చారు! ఆ మాట పెట్టుకోవచ్చా అని కలకత్తా డైరెక్టరు గారిని కూడా అడిగారట. ఆయన ఎగిరి గంతేశాడట. ఇంట్లో పరమాన్నం వండాను.

హైమ


గుడివాకలంక,
జూలై 17.

హైమా,

శుభం. ఇక్కడ వానలు మొదలయ్యాయి. షెడ్డు రేకుల మీద ఆ చప్పుడుకి ఎవరేం చెబుతున్నారో వినబడదు, అన్నీ సైగలే. ఆ పోలీసాయన ఆ మాట ఎలా అంటాడో అని ఒకటే ఆత్రంగా ఉంది.

అన్నట్టు, ఆ కన్ను సంగతి చెప్పింది గుడివాకలంక బేబీరాణి అని వాళ్ళకి చెప్పావా? ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయి.

బేబీరాణి


ఏలూరు,
ఆగస్టు 10.

బేబీ,

చెల్లెలి ఇంటికి వచ్చాను. మేధ కూడా సెలవు మీద వచ్చింది. ఇక్కడా వానలే. మన బడి వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఆటోలవాళ్ళు రామంటున్నారు. రాయడం దాదాపు అయిపోవచ్చింది. అక్కడ అందరికీ నచ్చింది. నీ ఆరోగ్యం జాగ్రత్త. వానలో తడవకు.

హైమావతి


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 25.

బేబీ,

ఏలూరు నుంచి రాసినదాన్ని ఉత్తరం అనకు, అది తప్పించుకోవడం. నువ్వడిగినదానికి జవాబు రాయలేక నీళ్ళ గురించీ ఆటోల గురించీ రాశాను.

రమ్యశ్రీ గారు ఫోన్ చేసి, "మేడమ్, మీరు శాకాహారులు కదండీ, ఆ కన్ను సంగతి ఎలా కనిపెట్టారండీ?" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "ముప్పైరెండేళ్ళు టీచరుగా చేశానమ్మా, అంతా పరిశీలన," అన్నాను. నోరు ఎలా వచ్చిందో! ఆ అమ్మాయి మెచ్చుకుంటుంటే చెవులకి హాయిగా అనిపించిందే. ఇది చాలక, సినిమా గురించి నన్ను వీడియో తీస్తామన్నారు. అందులో ఆ చేప కన్ను గురించే చెప్పాలట. కట్టుకోవడానికి పట్టుచీర కూడా తీసిపెట్టుకున్నాను. సిగ్గులేదు నాకు.

నిన్న మా ఆయన ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం చేయించి వచ్చి, భోజనం దగ్గర, "ఆ చేప మాట చెప్పింది మీ బేబీరాణి గారే కదూ, ఎంత తెలివి ఆవిడది," అన్నారు. నేను తల దించుకుని, జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. మజ్జిగ పోసుకుంటూ, "హైమా, నేను రోజూ పూజలు చేయిస్తాను. మంత్రం నాది, గొంతు నాది, చెయ్యి నాది. సంకల్పంలో మాత్రం ఆ ఇంటివాళ్ళ పేరూ గోత్రమే చెబుతాను. ఒక్కరోజు కూడా పొరపాటున నా పేరు చెప్పుకోలేదు. ఎవరి పూజ వాళ్ళ పేరున జరగాలి కదా," అన్నారు. లేచి ఆ పట్టుచీర మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

రేపు రమ్యశ్రీ గారికి ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను. నీకు కథ రాసి పంపిన సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. పని పోతే పోయింది, నా పేరు పడకపోతే మానె. నువ్వు నన్ను తిట్టు. తిట్టకపోతే ఇంకా బాధగా ఉంటుంది.

హైమ


గుడివాకలంక,
ఆగస్టు 25.

హైమా,

నీ ఏలూరు ఉత్తరం అందింది. అంత పొడిగా రాశావంటే నామీద ఏదో కోపం వచ్చి ఉంటుంది. నా గుట్టు తెలిసిపోయిందేమో అనుకున్నాను. తెలిసినా తెలియకపోయినా నేనే చెప్పేస్తున్నాను.

ఒకటి: నీ ఉత్తరాలు నేనొక్కదాన్నే చదువుకోవడం లేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర షెడ్డులో అందరికీ చదివి వినిపిస్తున్నాను. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. మా ఆయన లెక్క వేరే. నీ ఉత్తరం రావడం ఒక్కరోజు ఆలస్యమైతే పోస్టుమేన్‌ని పట్టుకుని దులిపేస్తున్నారు. నీ సంతకం సంగతి తెలిసి కూడా చేశాను. తప్పే.

రెండోది ఇంకా పెద్దది. కన్ను సంగతి కనిపెట్టింది నేను కాదే. మా షెడ్డులో పనిచేసే సత్తెమ్మత్త. డెబ్భై దాటాయి, చేప ఏరడంలో ఈ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు. నీ సీను చదువుతుంటే తింటున్న ముద్ద ఆపి, "ఆగవే బేబీ, ఒక కన్నే తెల్లబడిందా? అయితే అది అడుగు వరస చేపే, ఆ ముసలాడు దొంగ," అంది. తర్వాత నేను ఉత్తరం రాస్తూ నాదని రాసేశాను. బళ్ళో నువ్వెప్పుడూ ఫస్టు, నేనెప్పుడూ నీ వెనక బెంచీ. ఒక్కసారి నీ ముందు తెలివైనదాన్ని అనిపించుకుందామని ఆశపడ్డాను. పైగా నా పేరు చెప్పావా అని నిన్ను నిలదీశాను కూడా, ఏ మొహం పెట్టుకునో!

నువ్వు ఆ మాట పెట్టావని అందరికీ చదివాను. మర్నాడు సత్తెమ్మత్త ఐసు కొడుతున్న నా దగ్గరికొచ్చి, "బేబీ, ఆ పోలీసాయన నిజంగానే ఆ మాట అంటాడా?" అని అడిగింది. అంతే అడిగింది. అది నా మాటని ఎందుకు రాశావు అని అడగలేదు. అడిగినా బాగుండేది.

ఇదీ సంగతి. కోపమొస్తే రా, కూర్చుని పోట్లాడుకుందాం.

బేబీరాణి


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 9.

ఓసి దొంగా,

మన ఇద్దరి ఉత్తరాలూ దారిలో ఏ పోస్టాఫీసులోనో పక్కపక్కనే పడుకుని ఉంటాయి. నేను నీ మాట నాదన్నాను. నువ్వు సత్తెమ్మ గారి మాట నీదన్నావు. ఆవిడ ఒక్కర్తే ఎవరిదీ తీసుకోలేదు. నీ ఉత్తరం చదివి మా ఆయన ఎంత నవ్వారో, పొలమారి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

అసలు సంగతి విను. ఇరవై ఆరున రమ్యశ్రీ గారికి ఫోన్ చేసి, ఆ మాట బేబీరాణిది అని చెప్పాను. ఇరవై ఎనిమిదిన నీ ఉత్తరం వచ్చింది. మళ్ళీ ఫోన్ చేసి, అది బేబీరాణిది కూడా కాదమ్మా, సత్తెమ్మ గారిది అన్నాను. "మేడమ్, ఇంకా ఎవరైనా ఉన్నారాండీ? ఉంటే అందరి పేర్లూ ఒకేసారి చెప్పెయ్యండి," అంది. నవ్వుతూ అందనుకున్నాను. కాదు. కథ ఉత్తరాల్లో బయటికి పంపడం, అది షెడ్డులో చదవడం పెద్ద తప్పట. పైవాళ్ళని అడగాలంది. నాలుగు రోజులు ఫోన్ లేదు. మేధ నాతో మాట్లాడటం మానేసింది, దాని మాట పోయిందని. అది నిజమే, దానికి నేను చేసింది అన్యాయం. ఆ నాలుగు రోజులూ నేను ఇంట్లో తిరిగిన తిరుగుడు చూసి మా ఆయన శాంతి చేయిస్తానన్నారు.

ఐదో రోజు ఫోన్ వచ్చింది. రాసింది ఉంచుకుంటారట. వీడియో లేదు. తర్వాతి సినిమా నాకిస్తారో లేదో చెప్పలేరట. ఇకమీదట వాళ్ళ అగ్రిమెంటులో ఫోను, మెయిలు పక్కన "ఉత్తరాలు" అని కూడా కలుపుతారట. హైమావతి అంటే ఏమనుకున్నావు, రూలే మారిపోయింది!

పేర్ల సంగతి అడిగింది. "మాటలు: హైమావతి" అని పెద్దగా ఒక్క పేరు పడాల్సింది. మూడు పేర్లు వేస్తే చోటు చాలదు, చిన్న అక్షరాల్లో వేయాలి, ఒక్క క్షణమే ఉంటాయి, ఫరవాలేదా అంది. నిజం చెప్పనా? ఒక్క క్షణం మనసు పీకింది. ఆ పేరు కోసం ఎంత తాపత్రయపడ్డానో నీకు తెలుసు. తర్వాత, "మూడూ వేయమ్మా," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది, కాసేపటికి ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత తృప్తిగా తిన్నాను.

నవంబరులో ఓటీటీలో వస్తుందట సినిమా, ఇంట్లో టీవీలోనే చూడొచ్చట. సత్తెమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆ పోలీసాయన ఆ మాట నిజంగానే అంటాడని చెప్పు.

హైమ


గుడివాకలంక,
నవంబరు 17.

హైమా,

నిన్న ఆదివారం మధ్యాహ్నం మా షెడ్డులో నీ సినిమా వేశాం. చెరువుల్లో చేపల పట్టుబడి లేని రోజు చూసుకుని మా ఆయన ఇంట్లో టీవీ పీకి, ట్రేలు పేర్చి, దాని మీద పెట్టారు. షెడ్డు ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, పిల్లలు, పోస్టుమేన్ కూడా వచ్చాడు. రానంటే నేనూరుకుంటానా, ఆ ఉత్తరాలన్నీ మోసింది ఆయనేగా.

హంతకుడు ఎవడో ఊరంతటికీ తెలుసు. అందుకని మల్లిక్ బాబు మొదటిసారి కనబడగానే షెడ్డంతా, "వీడే! వీడే! పట్టుకోండి!" అని ఒకటే గోల. ఆ చిన్న డిటెక్టివు ఆయనకి నమస్కారం పెడుతుంటే మా షెడ్డు సువార్తమ్మ తట్టుకోలేక, "ఒలమ్మో, వాడికెందుకే దండం!" అని టీవీ మీద కేకలేసింది. చేపలావిడ "లేవండి, బేరం పోతంది" అన్నప్పుడు అందరూ నావంక తిరిగారు. మా ఆయనైతే, "ఇంట్లో వినేది చాలక ఇక్కడ కూడానా," అన్నారు.

తర్వాత ఆ వంటిల్లు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే అందరూ నోళ్ళు మూసుకున్నారు. పెద్దాయన వంగాడు. వీపు కనబడింది. చేపని తిప్పాడు. దగ్గాడు. అన్నాడు హైమా, ఉన్నది ఉన్నట్టు అన్నాడు. సత్తెమ్మత్త ముందు వరసలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. కదల్లేదు. "ముప్పై ఏళ్ళనించీ నేను ఇదే చెబుతున్నా, ఏ బేరగాడూ వినలేదు. ఇప్పుడు పోలీసోడు చెబుతున్నాడు," అంది. కోపంగా అనలేదు. తమాషాగా ఉందన్నట్టు అంది. షెడ్డు నవ్వులతో ఎగిరిపోయింది.

సినిమా అయ్యాక పేర్లు పడటం మొదలైంది. అవి గబగబా పోతాయే! మా ఆయన రిమోటు పట్టుకుని కాచుక్కూర్చుని ఠక్కున ఆపారు. "మాటలు: హైమావతి, బేబీరాణి, సత్తెమ్మ." చీమలంత అక్షరాలు. నేను లేచి వెళ్ళి సత్తెమ్మత్తని పిలిచాను. ఆమె చదువుకోలేదు, సంతకం రాదు, పింఛనుకైనా వేలిముద్రే. టీవీ దగ్గరికొచ్చి కళ్ళు చికిలించుకుని, "ఏదే నాది?" అంది. నీ పేరు మీద వేలు పెట్టి ఇది హైమావతి గారిది అన్నాను. ఇది నాది అన్నాను. ఆమె వేలు పట్టుకుని ఆమె పేరు మీద పెట్టాను.

"ఇదేనా?"

"ఇదేనత్తా. స, త్తె, మ్మ."

ఆమె ఆ మూడింటినీ మళ్ళీ మళ్ళీ తడిమి చూసింది. ఎంతో పెద్ద మోసం బయటపడినట్టు నావంక తిరిగింది.

"మూడక్షరాలేనటే నా పేరు? ఇన్నాళ్ళూ ఎంత పొడుగుంటుందో అనుకున్నానే! మూడక్షరాలకటే నేను జన్మంతా వేలు నల్లజేసుకుంది?"

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ట్రేల మీద నంబర్లు వేసే నల్ల పెన్ను నా బొడ్లోంచి లాక్కుని, రాయించవే అంది. పొద్దు వాలేదాకా ట్రే మూతలన్నీ పాడుచేసింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది. ఇవాళ హౌరా వెళ్ళే లోడులో పదకొండు ట్రేల మీద ఆమె పేరుంది. అక్కడివాళ్ళు అదేదో కొత్త కంపెనీ అనుకుంటారు.

ఈ ఉత్తరం నేనే రాశాను. కింద రెండో సంతకం మాత్రం నేను పెట్టలేదు.

బేబీరాణి

సత్తెమ్మ